కవరు వెనుక లెక్క

2021 అక్టోబరు 30న హుజూరాబాద్ అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. పోలింగుకు రెండు మూడు రోజుల ముందు ఆ నియోజకవర్గంలోని కొన్ని ఊళ్లలో మహిళలు గుంపులుగా రోడ్డెక్కారు. కొన్నిచోట్ల స్థానిక నాయకుల ఇళ్ల ముందు బైఠాయించారు. పక్క వాడకు ఓటు కోసం పంచే డబ్బు కవర్లు అందాయి, తమ వాడకు రాలేదు, మధ్యలో ఎవరో నొక్కేశారన్నది వారి ఫిర్యాదు. కవరులో ఆరు వేల రూపాయలు ఉన్నాయని టీవీ కెమెరాల ముందే చెప్పారు. ఏడాది తర్వాత, 2022 నవంబరు 3న పోలింగు జరిగిన మునుగోడులోనూ ఇవే దృశ్యాలు కనిపించాయి. 2024 మే 13 పోలింగుకు ముందు ఆంధ్రప్రదేశ్‌లోనూ డబ్బు అందలేదంటూ నిలదీసిన ఓటర్ల వీడియోలు తిరిగాయి.

ఈ వీడియోలు చేతులు మారిన ప్రతిసారీ వాటి కింద వచ్చే వ్యాఖ్య ఒక్కటే: జనమే అమ్ముడుపోతుంటే ఇక నాయకులను అని ఏం లాభం? చదువుకున్నవారి ఇళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నికల రుతువు వచ్చినప్పుడల్లా తిరిగే తీర్పు ఇదే. దేశ రాజకీయాల్లో డబ్బు పాత్ర గురించి జరగవలసిన చర్చ చాలాసార్లు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతుంది. పొడవైన గొలుసులో చిట్టచివరి కొక్కెం మాత్రమే కంటికి కనిపిస్తోంది కనుక, తప్పంతా ఆ కొక్కేనిదే అయిపోతోంది.

నిజానికి ఆ మహిళల మాటలు శ్రద్ధగా వింటే ఓటు అమ్ముకునేవారి బేరం వాటిలో వినిపించదు. రేషన్ డీలరు తూకంలో కోత పెట్టినప్పుడు, పింఛను ఇచ్చే చోట వంద రూపాయలు పట్టుకున్నప్పుడు ఎలా అడుగుతారో అలాగే అడిగారు. జాబితాలో పేరు ఉంది, పైనుంచి వచ్చింది, మధ్యవాడు తిన్నాడు. ప్రభుత్వంతో తమకున్న సంబంధం మొత్తం జాబితాల్లో పేరు ఉండటం, లేకపోవడం అనే రూపంలోనే అనుభవమైనవారికి ఎన్నికల కవరు మరో పంపిణీగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 2024–25లో ఉపాధి హామీ రోజు కూలి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 300 రూపాయలు. రెండు వేల రూపాయల కవరు అంటే వారం రోజుల కూలి. అయిదేళ్లకు ఒకసారి వచ్చే వారం కూలి. ఆ డబ్బు తీసుకోవడాన్ని సమర్థించనక్కరలేదు. చట్టం ప్రకారం ఓటుకు డబ్బు ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ ఇద్దరూ నేరస్థులే. కానీ ఆ నేరంలో ఎవరి వాటా ఎంత అన్నది వేరే ప్రశ్న.

ఇంతకీ కవరు ఓటును నిజంగా కొంటుందా? హుజూరాబాద్‌నే చూద్దాం. దళిత కుటుంబానికి పది లక్షల రూపాయల చొప్పున ఇచ్చే దళితబంధు పథకాన్ని అప్పటి ప్రభుత్వం 2021 ఆగస్టు 16న ఆ నియోజకవర్గంలోనే ప్రారంభించింది. మంత్రులు వారాల తరబడి అక్కడే మకాం వేశారు. అంత చేసినా అధికార టీఆర్‌ఎస్ (తర్వాతి బీఆర్‌ఎస్) ఓడిపోయి, బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్ సుమారు 24 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. మునుగోడులో రెండు ప్రధాన పక్షాలూ డబ్బు కుమ్మరించాయన్నది ఊరూవాడా తెలిసిన సంగతే. ఎవరో ఒకరు గెలవాలి కనుక ఒకరు గెలిచారు, అంతే. ఓటు రహస్యం. ఇద్దరి దగ్గరా తీసుకుని మూడోవారికి వేసినా అడిగేవాడు ఉండడు. ఈ సంగతి డబ్బు పంచేవారికి అందరికంటే బాగా తెలుసు.

తెలిసీ ఎందుకు పంచుతారంటే, ఎదుటివాడు పంచుతాడు కనుక. కవరు గెలుపును తెచ్చిపెట్టదు. పంచకపోతే మాత్రం ఓడిపోతామన్న భయం ఉంటుంది. ‘అవతలివాళ్లు ఇచ్చారు, వీళ్లకు చేతులు రాలేదు’ అన్న మాట పోలింగు ముందు రోజు ఊళ్లో పడితే దాన్ని తుడిచెయ్యడం కష్టమని ప్రతి అభ్యర్థి శిబిరమూ నమ్ముతుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది బయటివారికి అంతగా కనిపించదు. పంపకం జరిగే తీరు గమనిస్తే అది అర్థమవుతుంది. ప్రచారం ముగిసి, మైకులు మూగబోయి, చట్టం నిశ్శబ్దంగా ఉండాలని చెప్పిన ఆ చివరి 48 గంటల్లో ఓటరు జాబితా కాగితాలు చేతులు మారతాయి. వందేసి ఓట్లకు ఒక మనిషి. ఆ మనిషి చేతిలోని కాగితం మీద ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు ఉంటుంది: మనవాళ్లు, కానివాళ్లు, ఊగిసలాటలో ఉన్నవాళ్లు. హైదరాబాదుకో బెంగళూరుకో వలస పోయినవారి పేర్ల పక్కన ఫోన్ నంబరు, బస్సు ఛార్జీ. కానివాళ్లకు ఇవ్వడం దండగ, మనవాళ్లకు ఇవ్వకపోతే అలుగుతారు, ఊగేవాళ్లకు ఎంతిచ్చినా నమ్మకం లేదు. ఈ లెక్క వేసే మనిషి ఎక్కువగా మాజీ వార్డు సభ్యుడో, కులసంఘం పెద్దో, చిన్న కాంట్రాక్టరో అయి ఉంటాడు. కాగితం మీది వంద పేర్లలో అరవైకి పంచి నలభై తన దగ్గర ఉంచుకునేవాడూ ఉంటాడు. పార్టీలు దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తాయి, ఎందుకంటే సిద్ధాంతమూ సభ్యత్వమూ కమిటీ సమావేశాలూ అడుగంటిన పార్టీల్లో కార్యకర్తకు అయిదేళ్లకొకసారి దక్కే జీతం ఆ నలభై కవర్లే. అంటే ఓటరు పేరున బయలుదేరిన డబ్బులో గణనీయమైన భాగం పార్టీ నిర్మాణాన్ని నిలబెట్టడానికే ఖర్చవుతోంది. హుజూరాబాద్ మహిళలు నిలదీసింది సరిగ్గా ఈ మధ్యవాళ్లనే.

ఇక చట్టం సంగతి. 2022 జనవరిలో కేంద్రం సవరించిన పరిమితి ప్రకారం పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల రూపాయల వరకు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల వరకు ఖర్చు పెట్టవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో సాధారణంగా రెండు లక్షల పైచిలుకు ఓటర్లు ఉంటారు. మునుగోడులో 2 లక్షల 41 వేల మంది ఉన్నారు. నలభై లక్షలను అంతమందికి పంచితే తలకు 17 రూపాయలు కూడా రావు. లక్ష మందికి వెయ్యి రూపాయల చొప్పున కవర్లు పంచాలంటే పది కోట్లు కావాలి, అది పరిమితికి పాతిక రెట్లు. అందులో వాహనాలు, సభలు, భోజనాలు, సోషల్ మీడియా, సర్వేలు ఏవీ కలవలేదు.

ఈ అంతరం ఎలా కప్పబడుతుందో తెలుసుకోవాలంటే 1974కు వెళ్లాలి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఢిల్లీ సదర్ స్థానం నుంచి గెలిచిన అమర్‌నాథ్ చావ్లా మీద కన్వర్‌లాల్ గుప్తా వేసిన పిటిషన్‌పై 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును, అభ్యర్థికి తెలిసి, అతడు కాదనకుండా ఊరుకుంటే, అతని ఖర్చుగానే లెక్కించాలన్నది ఆ తీర్పు సారం. పార్టీ ఖర్చును వదిలేస్తే పరిమితికి అర్థమే ఉండదని ధర్మాసనం స్పష్టంగా భావించింది. ఆ నెల గడవకముందే అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో దాన్ని చట్టం చేసింది. పార్టీ గానీ, మిత్రులు గానీ, మరే ఇతర వ్యక్తి గానీ చేసిన ఖర్చు అభ్యర్థి ఖర్చు కిందికి రాదని ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు ఒక వివరణ జోడించింది. కోర్టు మూసిన తలుపును పార్లమెంటు పక్కనే కిటికీగా తెరిచింది. ఆ కిటికీ 29 ఏళ్ల పాటు అలాగే ఉంది. 2003 సవరణ దాన్ని సగం మూసి, స్టార్ ప్రచారకుల ప్రయాణ ఖర్చుకు మినహాయింపును మిగిల్చింది. అభ్యర్థి పేరెత్తకుండా పార్టీ చేసుకునే సాధారణ ప్రచారం ఇప్పటికీ అభ్యర్థి లెక్కలో పడదు. గుర్తింపు పొందిన పార్టీ ఒక్కొక్కటీ 40 మంది స్టార్ ప్రచారకులను ప్రకటించుకోవచ్చు. వారి హెలికాప్టర్లు ఏ అభ్యర్థి లెక్కలోనూ ఉండవు. అన్నిటికంటే ముఖ్యమైనది, పార్టీ మొత్తం మీద ఎంత ఖర్చు పెట్టాలన్నదానికి చట్టంలో ఎటువంటి పరిమితీ లేదు. అభ్యర్థికి 40 లక్షల గీత, పార్టీకి ఆకాశమే హద్దు.

ఈ ఏర్పాటు క్షేత్రస్థాయిలో ఎంత వింతగా పనిచేస్తుందో చెప్పడానికి సభావేదిక ఒక్కటి చాలు. స్టార్ ప్రచారకుడు వచ్చిన సభలో అభ్యర్థి వేదిక ఎక్కినా, అతని పేరో ఫొటోనో వేదిక మీద కనిపించినా సభ ఖర్చు అతని ఖాతాలో రాస్తారు. అందుకే తన కోసమే జరుగుతున్న సభలో కొందరు అభ్యర్థులు వేదిక కింద నిలబడి దండం పెడతారు. మరోపక్క జిల్లా ఎన్నికల అధికారి ముందుగానే ధరల పట్టిక విడుదల చేస్తారు: టీకి ఇంత, సమోసాకు ఇంత, బిర్యానీ ప్యాకెట్‌కు ఇంత, ప్లాస్టిక్ కుర్చీకి అద్దె ఇంత, షామియానాకు ఇంత. వ్యయ పరిశీలన బృందం సభకు వెళ్లి వీడియో తీసి, కుర్చీలు లెక్కపెట్టి, ఛాయా పరిశీలన రిజిస్టరులో రాసుకుంటుంది. అభ్యర్థి తన రిజిస్టరులో రాసినదానితో దాన్ని పోల్చి చూస్తారు. కుర్చీలు తక్కువ రాశారని నోటీసులు కూడా వెళ్తాయి. ఆ సిబ్బంది శ్రమను తక్కువ చెయ్యనక్కరలేదు. వారికి అప్పగించిన పనే అంత: ఊళ్లో నది పారుతుంటే వీధి కుళాయి దగ్గర బిందెలు లెక్కపెట్టడం.

ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా అభ్యర్థి లెక్కలు సమర్పించాలి. సమర్పించకపోతే ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు అనర్హుడిగా ప్రకటించవచ్చు కనుక గెలిచినవారు ఆలస్యం చెయ్యరు. ఆ లెక్కల్లో ఖర్చు చాలా సందర్భాల్లో పరిమితిలో సగం దగ్గరే తేలుతుంది. పరిమితి పెంచాలని ప్రతిసారీ అడిగేది కూడా ఈ పార్టీలే అన్నది కాస్త నవ్వు తెప్పించే విషయం. ఎప్పుడో ఒకసారి ఒక నాయకుడు మాట జారుతాడు. 2009 లోక్‌సభ ఎన్నికల్లో తాను ఎనిమిది కోట్లు ఖర్చు పెట్టానని మహారాష్ట్ర బీజేపీ నేత గోపీనాథ్ ముండే 2013లో ముంబయిలో ఒక సభలో అన్నారు. అప్పటి పరిమితి 25 లక్షలు. ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభాపతిగా ఉన్న కోడెల శివప్రసాదరావు 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, 1983లో తన తొలి ఎన్నికకు ముప్పై వేలు అయ్యాయనీ, అదీ జనం చందాలు వేసుకుని ఇచ్చారనీ, 2014కు వచ్చేసరికి పదకొండున్నర కోట్లు అయిందనీ చెప్పారు. దాని మీద కోర్టులో ఫిర్యాదు దాఖలైంది, రాజకీయ దుమారం రేగింది. ఆ మాటల్లోని అసలు విషయం మీద మాత్రం ఎవరూ ఆగలేదు. ముప్పై ఏళ్లలో డబ్బు ప్రవహించే దిశే తిరగబడింది. 1983లో డబ్బు ఊరి నుంచి అభ్యర్థి దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు అభ్యర్థి నుంచి ఊరికి వెళ్తోంది. చందా వేసినవాడు అడిగే హక్కుతో వేస్తాడు. కవరు తీసుకున్నవాడి దగ్గర ఆ హక్కు కొనేశాంలే అని ఇచ్చినవాడు అనుకుంటాడు.

పరిమితి దాటి ఖర్చు పెట్టడం చట్టం దృష్టిలో అవినీతి చర్యే. ఎన్నిక రద్దు కావడానికి అది చాలు. అయితే దాన్ని నిరూపించాలంటే 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వెయ్యాలి. ఎవరు వేస్తారు? సాధారణంగా ఓడిన ప్రధాన ప్రత్యర్థే వెయ్యాలి. అతనూ అంతే ఖర్చు పెట్టి ఉంటాడు. ఇక ఎన్నికల సంఘం తనంతట తానుగా చేసిన పనుల్లో గట్టిగా చెప్పుకోదగ్గవి తమిళనాడులో కనిపిస్తాయి. 2009 జనవరిలో తిరుమంగళం ఉప ఎన్నికలో ఓటర్లకు కవర్లు చేరిన తీరు దేశమంతటికీ ఒక పద్ధతిగా పేరుపడింది. ఆ తర్వాత 2016లో అరవకురిచ్చి, తంజావూరు అసెంబ్లీ పోలింగును, 2017 ఏప్రిల్‌లో ఆర్కే నగర్ ఉప ఎన్నికను, 2019 ఏప్రిల్‌లో వేలూరు లోక్‌సభ పోలింగును డబ్బు పంపిణీ కారణంగానే సంఘం ఆపేసింది. కొద్ది నెలల తర్వాత అక్కడ మళ్లీ ఎన్నికలు జరిగాయి.

తెలుగు నేల మీద శిక్ష దాకా వెళ్లిన ఒక కేసు ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో బూర్గంపహాడ్ ప్రాంతంలో ఓటర్లకు అయిదు వందల రూపాయల చొప్పున పంచుతూ ఒక వ్యక్తి పట్టుబడిన కేసులో, 2021 జులైలో హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం అప్పటి మహబూబాబాద్ ఎంపీకి ఆరు నెలల జైలు శిక్ష విధించింది. ఆ శిక్షను తర్వాత హైకోర్టు నిలిపివేసింది. సరిగ్గా అదే కాలంలో, కోటి రూపాయల పత్రం కొని ఎవరికీ పేరు చెప్పకుండా పార్టీకి ఇవ్వడం ఈ దేశంలో చట్టబద్ధంగా ఉండేది. పైగా ఆ మొత్తానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉండేది. కవరు గురించి నీతులు చెప్పేవారు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఆ పత్రాలే ఎన్నికల బాండ్లు. 2017 బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ వాటిని ప్రకటించారు. 2018 జనవరి 2న పథకాన్ని నోటిఫై చేశారు. వెయ్యి నుంచి కోటి రూపాయల వరకు అయిదు రకాల విలువల్లో స్టేట్ బ్యాంకు శాఖల్లో అమ్మారు. కొన్న 15 రోజుల్లో పార్టీ దాన్ని జమ చేసుకోవాలి. కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వరాదన్న పరిమితిని కూడా అదే 2017లో ఎత్తేశారు. లాభం లేని కంపెనీ సైతం ఎంతైనా ఇచ్చే వీలు కలిగింది. రిజర్వు బ్యాంకు, ఎన్నికల సంఘం రెండూ తమ అభ్యంతరాలను రాతపూర్వకంగా తెలిపాయి. అవి ఫైళ్లలో ఉండిపోయాయి. అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, సీపీఎం తదితరులు వేసిన పిటిషన్ల మీద 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఈ పథకాన్ని కొట్టివేసింది. తన ఓటు అడుగుతున్న పార్టీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడం ఓటరు హక్కు అన్నది ఆ తీర్పుకు ఆయువుపట్టు. వివరాలు ఇవ్వడానికి జూన్ 30 వరకు గడువు కావాలని, అంటే ఎన్నికలు అయిపోయేదాకా ఆగాలని, స్టేట్ బ్యాంకు అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న జాబితాలు బయటికి వచ్చాయి.

ఆ జాబితాల్లో తెలుగు పాఠకులకు తెలిసిన పేర్లు చాలా ఉన్నాయి. 2019 ఏప్రిల్ 12 నుంచి ఉన్న వివరాల ప్రకారం బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,600 కోట్ల పైచిలుకు, కాంగ్రెస్‌కు 1,400 కోట్ల పైచిలుకు చేరాయి. ఒక్క రాష్ట్రానికి పరిమితమైన బీఆర్‌ఎస్‌కు దాదాపు 1,214 కోట్లు, వైసీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు 219 కోట్లు వచ్చాయి. కొన్నవారిలో మొదటి స్థానం 1,368 కోట్లతో లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్‌ది, రెండో స్థానం 966 కోట్లతో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది. కాళేశ్వరం, పోలవరం వంటి భారీ ప్రాజెక్టుల పనులు చేసిన సంస్థ అది. మేఘా కొన్న బాండ్లలో అతి పెద్ద వాటా కేంద్రంలో అధికారంలో ఉన్న బీజేపీకి, తర్వాతి పెద్ద వాటా తెలంగాణలో అప్పట్లో అధికారంలో ఉన్న బీఆర్‌ఎస్‌కు వెళ్లింది. ఏ బాండుకు ప్రతిఫలంగా ఏ పని దక్కిందన్నది న్యాయస్థానంలో తేలలేదు. అది తేలకుండా ఊహలను తీర్పులుగా ప్రకటించడం బాధ్యత అనిపించుకోదు. కాంట్రాక్టు ఇచ్చే చేతికీ విరాళం పుచ్చుకునే చేతికీ మధ్య ఎడం లేనప్పుడు ప్రశ్న అడగడం మాత్రం పౌరుల పని. డబ్బు రాజకీయాలకు నోటీసు అతికించవలసిన చోటు ఏదైనా ఉంటే అది మునుగోడులోని గుడిసె తలుపు మాత్రమే అని ఎలా అనుకోగలం?

బాండ్లు తీసుకోని పార్టీలు కూడా ఉన్నాయి. వామపక్షాలు వాటిని మొదటి నుంచీ తిరస్కరించాయి, సీపీఎం కోర్టుకు కూడా వెళ్లింది. అందుకు రాజకీయంగా వాటికి ఒనగూడింది ఏమీ లేదు. డబ్బు ఓటును కొనలేదని పైన చెప్పుకున్నాం. కానీ ఓటరు ముందుకు ఎవరు అభ్యర్థిగా రావచ్చో అది ముందే నిర్ణయిస్తోంది. సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య కాలం సరే, ఎస్టీ రిజర్వుడు స్థానమైన ఇల్లెందు నుంచి 1983, 2004 ఎన్నికల మధ్య అయిదుసార్లు గెలిచి, ఎమ్మెల్యేగా ఉండి కూడా బస్సుల్లో తిరిగిన గుమ్మడి నర్సయ్య వంటివారు నిన్నమొన్నటి దాకా శాసనసభలో కనిపించారు. ఈ రోజు అటువంటి మనిషికి ప్రధాన పార్టీ టికెట్ ఇవ్వదు. టికెట్ చర్చలో మొదటి ప్రశ్న ‘ఎంత పెట్టుకోగలవు’ అనే. లోక్‌సభలో కోటీశ్వరుల వాటా, వారు స్వయంగా ప్రకటించిన ఆస్తుల ప్రకారమే, 2009లో 58 శాతం, 2014లో 82, 2019లో 88, 2024లో 93 శాతం. 2024లో దేశంలోకెల్లా అత్యధిక ఆస్తులు ప్రకటించిన ఇద్దరు అభ్యర్థులూ తెలుగువారే: గుంటూరు నుంచి 5,700 కోట్ల పైగా ప్రకటించిన పెమ్మసాని చంద్రశేఖర్, చేవెళ్ల నుంచి 4,500 కోట్ల పైగా ప్రకటించిన కొండా విశ్వేశ్వర్‌రెడ్డి. ఇద్దరూ గెలిచారు. సంపద ఉండటం నేరం కాదు, దాన్ని ప్రకటించడం మెచ్చదగినదే. కౌలు రైతులూ ఆశా కార్యకర్తలూ వలస కూలీలూ లక్షల్లో ఉన్న రాష్ట్రాల నుంచి వారిలో ఒకరూ చట్టసభకు చేరలేని స్థితి గురించే ఇక్కడ మాట.

పత్రికల పాత్రను కొద్దిగానైనా ప్రస్తావించాలి. 2009 ఎన్నికల తర్వాత ఏపీ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే చేసి, అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం వేసిన తీరును బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒక సభ్యుడు. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఎమ్మెల్యేపై 2011లో ఈ కారణంగా అనర్హత వేటు పడింది. ఇప్పుడు ఆ వ్యాపారం యూట్యూబ్ ఛానెళ్లకు, ఇన్‌స్టాగ్రామ్ పేజీలకు మారింది కనుక పట్టుకోవడం మరింత కష్టం.

కవరుకూ సంక్షేమానికీ తేడా చెరిపేసే వాదన ఒకటి ఇటీవల బాగా బలపడింది. పింఛను, ఉచిత బస్సు, రేషన్ బియ్యం, అమ్మల ఖాతాలో పడే సొమ్ము, అన్నీ ‘ఉచితాలే’, అన్నీ ఓటు కొనుగోలే అంటుంది ఆ వాదన. ఇది పొరపాటు. బహిరంగంగా మేనిఫెస్టోలో ప్రకటించి, బడ్జెట్‌లో పెట్టి, ఓటు ఎవరికి వేశారన్నదానితో నిమిత్తం లేకుండా అర్హులందరికీ ఇచ్చే పథకం విధాన నిర్ణయం. దాన్ని విమర్శించవచ్చు, ఖజానా భరించగలదా అని అడగవచ్చు, ఓడించవచ్చు. రాత్రిపూట గుమ్మంలో చేతులు మారే కవరును ఏ శాసనసభా చర్చించదు, ఏ ఆడిటరూ తనిఖీ చెయ్యడు. పన్ను రాయితీల రూపంలో పెద్ద సంస్థలకు అందేదాన్ని ‘ప్రోత్సాహకం’ అని, పేదలకు అందేదాన్ని ‘ఉచితం’ అని పిలిచే భాష మన వార్తాపత్రికల్లో స్థిరపడిపోయిందంటే అందులో ఎవరి చూపు ఉందో గ్రహించవచ్చు. అయితే ఉప ఎన్నిక వచ్చిన నియోజకవర్గానికే ముందుగా పథకం వచ్చిపడటం మాత్రం ఈ రెంటి మధ్య గీతను ప్రభుత్వమే చెరిపేయడం.

దారులు లేకపోలేదు. ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లోనే ఎన్నికల ఖర్చులో కొంత ప్రభుత్వం భరించాలని, అదీ నగదుగా ఇవ్వకుండా సౌకర్యాల రూపంలో ఇవ్వాలని సూచించింది. పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టడం, పార్టీల ఖాతాలను స్వతంత్ర ఆడిటర్లతో తనిఖీ చేయించడం, పార్టీలను సమాచార హక్కు చట్టం కిందికి తేవడం అన్నవి ఏళ్ల తరబడి చర్చలో ఉన్నాయి. చివరిదాన్ని కేంద్ర సమాచార కమిషన్ 2013లో ఆదేశించింది కూడా. ఒక్క పార్టీ కూడా పాటించలేదు. బాండ్ల తీర్పుతో కంపెనీ విరాళాల పరిమితి తిరిగి వచ్చింది, పేర్లు మళ్లీ బయటికి వస్తున్నాయి. పెద్ద సంస్థలు, విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల దారి పట్టాయి. అక్కడ ట్రస్టుకు ఎవరిచ్చారో, ట్రస్టు ఏ పార్టీకి ఇచ్చిందో తెలుస్తుంది, ఫలానా కంపెనీ డబ్బు ఫలానా పార్టీకి వెళ్లిందా అన్నది చాలాసార్లు తెలియదు. ఇక్కడా కిటికీ ఒకటి మిగిలింది.

ఈలోగా కవరు అసెంబ్లీ నుంచి పంచాయతీకి దిగింది. తెలంగాణలో అయిదు వేలకు లోపు జనాభా ఉన్న ఊరి సర్పంచ్ అభ్యర్థి లక్షన్నర రూపాయల దాకా ఖర్చు పెట్టవచ్చు, అంతకు మించిన ఊళ్లలో రెండున్నర లక్షలు. హైవే పక్కన, నగరాల శివార్లలో భూమి ధర పెరిగిన ఊళ్లలో ఖర్చు ఆ లెక్కకు చాలా దూరం పోయింది. సర్పంచ్ పదవికి వేలం పెట్టి, ఎక్కువ పాడుకున్నవారిని ఏకగ్రీవం చేసి, ఆ డబ్బుతో గుడి కట్టుకున్న ఊళ్ల వార్తలు ప్రతి పంచాయతీ ఎన్నికలోనూ వస్తాయి. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం మహిళలకు రిజర్వు అయ్యాయి. కవరు అందలేదని రోడ్డు మీద కూర్చున్న ఆ మహిళల్లో ఒకరు, డ్వాక్రా సంఘంలో పదేళ్లుగా లెక్కలు రాస్తున్నామె అనుకుందాం, తన ఊరు మహిళా రిజర్వుడు అయినప్పుడు నామినేషన్ వెయ్యాలనుకుంటే డిపాజిట్ కట్టడానికి వెయ్యో రెండు వేలో చాలు. ఆ తర్వాత ఇంటికి వచ్చి ఊరి పెద్దలు అడిగే మొదటి మాట, ఆమె లెక్కలు ఎంత చక్కగా రాస్తుందన్నది కాదు. మీ ఆయన ఎకరం ఎంతకు అమ్ముతాడమ్మా, అని.